కట్ట అడుగు నీళ్ళు

1961 అక్టోబరు 24, మంగళవారం. ముందురోజే పౌర్ణమి వెళ్ళింది. తెల్లవారినప్పటి నుంచి ఆకాశం తడిపిన పలకలా నల్లగా ఉంది గాని చినుకు రాలలేదు. ఈశాన్యపు గాలి సన్నగా, ఆగకుండా వీస్తోంది. సముద్రం మామూలు కంటే ఎత్తుగా ఉంది. ఒడ్డెక్కిన అల వెనక్కి పోవడానికి బద్ధకించినట్టు కాసేపు నిలబడి మరీ పోతోంది. పడమట వెలిగొండల మీద మాత్రం నిన్న మధ్యాహ్నం నుంచి పెద్ద వాన పడుతోందని కబురు వచ్చింది.

తిరువెంగళానికి చిక్కంతా ఆ కబురుతోనే వచ్చింది.

గోగులేరు పెద్ద ఏరేం కాదు. కొండలో పుట్టి సముద్రంలో కలిసేదాకా నలభై ఆరు మైళ్ళు. ఏడాదిలో ఎనిమిది నెలలు దాన్ని పంచె తడవకుండా దాటొచ్చు. అలాంటి చిన్న ఏరులకి ఒక అవస్థ ఉంది. నీటి ఉరవడి తగ్గగానే సముద్రం అలలతో ఇసుక తెచ్చి మొగకి, అంటే ఏరు కలిసే చోటికి, అడ్డంగా కట్ట వేసేస్తుంది. లోపల ఏరు, బయట సముద్రం, మధ్య ఇసుక కట్ట. వానాకాలంలో ఆ కట్టని ఎవరో ఒకరు పారతో తెంచాలి. ఆలస్యమైతే నీళ్ళు ఎదురు తన్ని పొలాలు మునుగుతాయి. తొందరపడితే సముద్రమే లోపలికొస్తుంది. మొదటి పార వేసే హక్కు ఆ మొగ దగ్గర గుడిసె వేసుకున్న మౌలాలి తాతది. ఎగువ రైతులూ, పక్కనున్న పదిహేడిళ్ళ పట్టపుపాలెంలో చేపలు పట్టుకునే వాళ్ళూ, ఇద్దరూ ఒప్పుకున్న ఏర్పాటది. ఆయన ముప్పై ఏళ్ళుగా వేస్తున్నాడు. ఒక్కసారీ తప్పలేదు.

తాత దూదేకులాయన. ఒకప్పుడు భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకి దూది ఏకేవాడు. ఆ విల్లు నారి మోత విన్నవాళ్ళకే తెలుస్తుంది, తుమ్మెద మాట్లాడినట్టుంటుంది. ఇప్పుడా పనీ పోయింది, ఆ మోతా పోయింది. సరే, ఆయన ఎప్పుడో ఒక ఫకీరు వెంట కొన్నాళ్ళు తిరిగి, చివరికి ఈ ఇసుక దిబ్బ మీద కూర్చున్నాడు. నమాజు చేసుకునేవాడు, పాలెంలో వాళ్ళ గంగమ్మ జాతరకి వెళ్ళి కూర్చునేవాడు. ఎవరైనా ఉపదేశం అడిగితే కాసిని మజ్జిగ ఇచ్చేవాడు.

తిరువెంగళం ఆయన దగ్గర చేరి ఎనిమిదేళ్ళయింది. అంతకుముందు బడిపంతులు. భార్య పోయాక ఉద్యోగం వదిలి వచ్చాడు. పంతులు కాబట్టి పాలెంలో అంతా ఆయన్ని అయ్యోరనేవారు. బడి వదిలినా బలపం వదల్లేదన్నట్టు ఉండేది ఆయన వరస. తాత మొగ తెంచే రోజు ఎలా కనిపెడతాడా అని మొదటి ఏడే ఆయనకి ఆశ్చర్యం పట్టుకుంది. అది యోగదృష్టి అని కొన్నాళ్ళు అనుకున్నాడు. ఆ తర్వాత, దృష్టి అందరికీ రాదు, లెక్క ఎవరికైనా వస్తుంది అనుకున్నాడు. రెండుసార్లు ఏటి వెంట నడిచాడు, అట్ట వేసిన నోటుపుస్తకం నిండా రాశాడు. తాత తర్వాత ఆ పార ఎవరిదన్న ప్రశ్నకి జవాబు ఆ పుస్తకంలోనే ఉందని ఆయన నమ్మకం. పైకి ఎప్పుడూ అనలేదు. పార తుప్పు పట్టకుండా కొబ్బరినూనె రాసేవాడు మాత్రం ఆయనే.

ఆ వేసవిలో ఒకసారి తాత, "నీ ఏరు చదువు, వింటాను" అన్నాడు. తిరువెంగళం గొంతు సవరించుకుని మొదలు నుంచి చదివాడు.

మొదలు వెలిగొండల్లో, కలివిపొదల కింద, చాటంత గుంట. పక్కనున్న రాయి ఏ కాలంలోనూ చెమ్మారదు. అక్కడ మేకల కాపరులు దాన్ని ఊట అంటారు. రెండు మైళ్ళు దిగాక ఇంకో రెండు పాయలు కలుస్తాయి, అక్కడ దాని పేరు దొండవాగు. పదకొండో మైలు దగ్గర కొండ వదిలి చేలల్లోకి వస్తుంది. సజ్జచేలు, ఆ కింద పొగాకు. పదహారో మైలు దగ్గర మొదటి చెరువు. ఏరు అందులోకి దూరి, నిండాక కలుజు మీదుగా, అంటే చెరువు గట్టుకి రాతితో కట్టిన పొర్లుదారి మీదుగా, బయటపడుతుంది. అలాంటివి మూడు చెరువులు. ఇరవై ఎనిమిదో మైలు దగ్గర కుమ్మరపల్లె, అక్కడ మన్ను తవ్వీ తవ్వీ ఒడ్డు లోపలికి వంగింది, అక్కడివాళ్ళు కుమ్మరేరు అంటారు. ముప్పై నాలుగు దగ్గర చాకిరేవు, ఏడు బండలు. ముప్పై ఏడు దగ్గర మద్రాసు రైలు వంతెన, నీళ్ళు పోయే కానాలు నాలుగు. అక్కడి నుంచి ఇసుక వెడల్పవుతుంది, నీళ్ళు సన్నగిలుతాయి. నలభై మూడు దగ్గర గుర్రాలమడుగు. నలభై ఆరు, మొగ. ఇక్కడివాళ్ళు ఉప్పేరు అంటారు. పేర్లన్నీ తప్పనీ, పుట్టుక నుంచి చివరిదాకా గోగులేరు అనే ఒక్క పేరే ఉండాలనీ తిరువెంగళం పుస్తకం చివర ఎర్రసిరాతో రాశాడు. కొండమీద పడిన వాన మొగకి చేరడానికి ముప్పై గంటలు పడుతుందని దానికింద గీత గీశాడు.

తాత అంతా విన్నాడు. "ఆ చాటంత గుంటలో నీళ్ళు తాగావా?" అని అడిగాడు.

"తాగే ఉంటాను తాతా. దాహమేసి ఉంటుంది గదా."

"ఊఁ" అన్నాడు తాత.

ఇక పోలమ్మ సంగతి చెప్పాలి. ఆమె పాలెంలో మనిషి. మొగుడు సముద్రంలో పోయాడు. పొద్దున్నే తాతకి గంజి కాచిపెట్టేది. దానికంటే ముందు రోజూ ఒక పని చేసేది. కట్టకి లోపలి వైపున, ఇసుక తడిసే అడుగున వంగి, దోసిట్లో నీళ్ళు తీసి నోట్లో పోసుకుని, కాసేపు ఉంచి, ఊసేసేది. ఎనిమిదేళ్ళుగా తిరువెంగళం అది చూస్తూనే ఉన్నాడు. అదేదో ఆడవాళ్ళ నోము అనేవాడు. ఒక్కోరోజు హాస్యానికి, "పోలమ్మ నోరు పుక్కిలించడానికి ఏరంతా కావాలి" అనేవాడు. ఆమె కొంగుతో మూతి తుడుచుకుని వెళ్ళిపోయేది. ఆయన పుస్తకంలో చాకిరేవు బండలు ఏడూ ఉన్నాయి గాని పోలమ్మ లేదు.

ఆ మంగళవారం ఎగువ నుంచి అయిదుగురు రైతులు వచ్చారు. వాళ్ళలో ముందు మాట్లాడింది మాలకొండయ్య, గుర్రాలమడుగు పక్కన పల్లపు చేను అతనిదే. కొండమీద కుండపోతగా ఉంది, వరద దిగేలోపు మొగ తెంచిపెట్టకపోతే నాట్లన్నీ కుళ్ళిపోతాయని అతని మొర. తాత నాలుగు రోజులుగా జ్వరంలో ఉన్నాడు. మాలకొండయ్య తిరువెంగళం వైపు చూసి, "ఏటి పుట్టుపూర్వోత్తరాలన్నీ నీకు తెలుసంట గదా అయ్యోరా, నువ్వు చెప్పు" అన్నాడు.

తిరువెంగళం పుస్తకం తెరిచాడు. సోమవారం మధ్యాహ్నం వాన. ముప్పై గంటలు. అంటే మంగళవారం పొద్దుగూకాక వరద మొగకి తగులుతుంది. బుధవారం తెల్లవారగానే దారి తెరిస్తే సరిపోతుంది. అయినా ఒక మాట అడగాలి గదా అని లోపలికి వెళ్ళి, తాత చెవి దగ్గర వంగి విషయం చెప్పాడు.

తాత కళ్ళు తెరవకుండానే, "పోలమ్మ ఏమంది?" అన్నాడు.

జ్వరం మాట అనుకున్నాడు తిరువెంగళం. బయటికి వచ్చి, తాత గంజి అడుగుతున్నాడని పోలమ్మకి చెప్పాడు.

బుధవారం తెల్లవారేసరికి వరద జాడ లేదు గాని, దారిలో ఉంటుందిలే అనుకుని చూరులోంచి పార తీశాడు. రైతులు వెంట నడిచారు. కట్ట అడుగున పోలమ్మ ఎప్పటిలాగే వంగి ఉంది. ఊసేసి, పార వైపు చూసి, "ఇంకా ఉప్పేనయ్యోరా" అంది.

"సముద్రం పక్కన ఉప్పు కాక బెల్లమా?" అన్నాడు ఆయన. రైతులు నవ్వారు.

మొదటి పార ఆయనే వేశాడు. ఆ క్షణం ఆయనకి ఎలా ఉందో చెప్పక్కర్లేదు. ఎనిమిదేళ్ళు నూనె రాసిన పార. మూరెడు కాలవ తెగ్గానే మిగతాది నీళ్ళే కోసుకుంటాయి. నీళ్ళు కోసుకున్నాయి కూడా. కాని లోపలి నుంచి బయటికి కాదు. బయటి నుంచి లోపలికి. ముందొక నాలిక, తర్వాత ఒక పాయ, ఆ తర్వాత సముద్రం. ఏటి ఇసుక మీద నురగ ఎదురెక్కుతుంటే రైతులు ఒక్కొక్కరే వెనక్కి అడుగులు వేశారు. పూడ్చడానికి పారలు చాల్లేదు.

వరద ఎందుకు రాలేదో తర్వాత తెలిసింది. ఆ సంవత్సరం చెరువులు మూడూ ఎండిపోయి ఉన్నాయి. ఆయకట్టు వాళ్ళు నీళ్ళ ఆశకొద్దీ కలుజుల మీద పచ్చిక గడ్డలూ, తుమ్మకంపా, మట్టీ వేసి మోకాలెత్తు లేపుకున్నారు. వరదని మూడు చెరువులూ ఒకదాని తర్వాత ఒకటి తాగాయి. మిగిలింది శుక్రవారం మధ్యాహ్నానికి మొగ చేరి సముద్రాన్ని బయటికి నెట్టింది. కాని ఆలోపు మూడు మైళ్ళ ఇసుక ఉప్పు పీల్చుకుంది. పాలెంలో అందరూ తాగేది ఏటి ఇసుకలో తవ్వుకున్న చెలమల నీళ్ళే. అవన్నీ ఉప్పయ్యాయి. మాలకొండయ్య పల్లపు చేనులో నాట్లు వారంలో పసుపు తిరిగాయి.

గురువారం పొద్దున ఆడవాళ్ళు ఖాళీ కుండలు తెచ్చి తాత గుడిసె ముందు వరసగా పెట్టి కూర్చున్నారు. ఒక్కరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని తిరువెంగళానికి అనిపించింది.

తాతకి ఆ పూటే జ్వరం జారింది. లేచి గోడకి ఆనుకుని మంచినీళ్ళు అడిగాడు. తిరువెంగళం చెలమ నీళ్ళు రాగిచెంబులో ముంచి తెచ్చి, ఇవ్వలేక నిలబడ్డాడు. తాత చెయ్యి చాపి చెంబు తీసుకున్నాడు. ఒక గుక్క నోట్లో ఉంచుకుని మింగాడు. మళ్ళీ ఎత్తాడు. చెంబు ఖాళీ అయ్యేదాకా దించలేదు. కింద పెట్టి గెడ్డం తుడుచుకున్నాడు.

"కావడి ఎక్కడుంది?" అన్నాడు.

"గోడ వెనక ఉంది తాతా."

"తీపి ఎక్కడుంటే అక్కణ్ణించి తీసుకురా. ముందు పాలేనికి పొయ్యి. తర్వాత నాకు."

"తీపి ఎక్కడ మొదలవుతుందో ఎట్లా తెలుస్తుంది?"

"నోరుంది గదా" అన్నాడు తాత.

తిరువెంగళం కావడి భుజాన వేసుకుని ఏటి వెంట పైకి నడిచాడు. ఫర్లాంగుకొకసారి వంగి దోసిట్లో నీళ్ళు తీసి నోట్లో పోసుకుని ఊసేశాడు. ఉప్పు. మళ్ళీ ఉప్పు. పుస్తకంలో ఆ మూడు మైళ్ళ గురించి రెండే వాక్యాలు రాశాడు. ఇప్పుడు అది నలభై మైళ్ళంత ఉంది. మధ్యాహ్నానికి గుర్రాలమడుగు పైన, తాటిచెట్ల వంపు దగ్గర నాలిక ఊరుకుంది. ఊసెయ్యబోయి మింగాడు.

ఒక్కడు పదిహేడు ఇళ్ళకి నీళ్ళు మొయ్యలేడు. పాలెంలో మగవాళ్ళు కూడా మోశారు. కాని వాళ్ళు వేటకి పోయిన రోజుల్లో కూడా ఆగనిది ఆయన కావడి ఒక్కటే. పొద్దున రెండు కుండలు, మాపు రెండు కుండలు. మొదటి వారం భుజం పుండు పడింది. ఆడవాళ్ళు కుండలు దించుకునేవారు గాని పలకరించేవారు కాదు. ఆ తర్వాత ఒక ముసలామె, భుజం మార్చుకోమని కసిరింది. ఆ మర్నాడు ఇంకొకామె పసుపు తెచ్చి ఇచ్చింది. పోలమ్మ మాత్రం మొదటి రోజే, "అయ్యోరు కూడా నోము పట్టాడే" అంది.

రోజులు గడిచేకొద్దీ తీపి కిందికి దిగడం మొదలుపెట్టింది. ఒకరోజు పావుమైలు, ఒకరోజు నాలుగు బారలు. ఒక్కోరోజు సముద్రం పోటుమీదుంటే మళ్ళీ పైకి పోయేది. ఏరు అంతా ఒక్కటే నీరు కాదని ఆయనకి తెలిసింది. తాటివేళ్ళ కింద ఒక వగరు. నల్లమట్టి గట్టు పక్కన ఇనుప వాసన. గేదెలు పొర్లిన చోటు దాటాక నూరు గజాల దాకా అదో రకం. ఒడ్డున ఒకటి, నడిమధ్యన ఒకటి. వేళ్ళతో ఇసుక తోడితే అడుగున ఇంకొకటి. రాసుకుందామని ఒకసారి అనిపించింది. రెండు చేతులూ కావడి మీద ఉన్నాయి. పుస్తకం చూరులో ఉంది.

తొమ్మిదో రోజు కుండలు దించి పోలమ్మని అడిగాడు. రోజూ కట్ట దగ్గర నీళ్ళు ఎందుకు నోట్లో పోసుకుంటుందని.

"మా అత్త పోసుకునేది" అంది పోలమ్మ. "లోపల నీళ్ళు సముద్రం కంటే ఎత్తయితే బయటికి ఊరతాయి. అప్పుడు కట్ట అడుగున తీపొస్తది. సముద్రం ఎత్తుగా ఉంటే అది లోపలికి ఊరి ఉప్పుగా ఉంటది. తీపొచ్చిన పొద్దున తాతకి చెప్తా. తాత పార తీస్తాడు."

తిరువెంగళం ఖాళీ కావడి ఇసుకలో దించాడు.

"ఎనిమిదేళ్ళుగా పక్కనే ఉన్నాను. నాకు చెప్పలేదేం?"

"నువ్వడగలా" అంది ఆమె.

పంతొమ్మిదో రోజుకి గుడిసె పక్క చెలమ నీళ్ళు తియ్యనయ్యాయి. కావడి పని తీరింది. తిరువెంగళం మాత్రం తెల్లవారగానే లేచి కట్ట అడుగుకి పోవడం మానలేదు. పోలమ్మ ఒక పక్క, ఆయన ఒక పక్క. ఈలోపు సముద్రం మళ్ళీ ఇసుక తెచ్చి మొగ మూసేసింది.

నవంబరు చివర ఇంకో వాయుగుండం పట్టింది. ఈసారి చెరువులు నిండి ఉన్నాయి. నీళ్ళు ఆగకుండా దిగాయి. రైతులు మళ్ళీ వచ్చి దూరంగా నిలబడ్డారు. నాలుగో పొద్దున తిరువెంగళం వంగి దోసిట్లో నీళ్ళు తీసుకున్నాడు. నోట్లో ఉంచుకున్నాడు. ఊసి, ఇంకో దోసిలి తీసుకున్నాడు. లేచి ఒక్క పరుగున గుడిసెకి పోవచ్చు. పోలేదు. ఆ పక్కన పోలమ్మ లేచేదాకా ఆగాడు. ఆమె లేచి ఆయన వైపు చూసింది. ఇద్దరూ కలిసి తాత దగ్గరికి వెళ్ళారు.

"తీపి, తాతా" అంది పోలమ్మ.

"ముందెవరికి తగిలింది?" అని అడిగాడు తాత.

"పోలమ్మకే" అన్నాడు తిరువెంగళం.

తాత ఆయన ముఖం వైపు ఒక క్షణం చూసి, చెయ్యి ఆసరా ఇమ్మని చాపాడు. ముగ్గురూ కట్ట దాకా నడిచారు. పార తాత పట్టుకున్నాడు, ఎత్తే బలం తనది చేస్తూ తిరువెంగళం కింద చెయ్యి వేశాడు. కాలవ తెగింది. నలభై ఆరు మైళ్ళ నీళ్ళు, ఊటా, దొండవాగూ, కుమ్మరేరూ, అన్నీ ఒక్కసారి బురదరంగుతో సముద్రంలోకి దూకాయి. సముద్రం కాసేపు ఎర్రగా ఉండి, మళ్ళీ తన రంగుకి తను వచ్చింది.

తాత మాఘమాసంలో పోయాడు. పోవడానికి మూడు రోజుల ముందు అందరినీ పిలిచి, ఉన్నవేవో పంచాడు. దూదేకే విల్లు మేనల్లుడు ఖాసింకి. వాడు దాన్ని వాడడని తెలిసినా ఇచ్చాడు, వింటే చాలన్నాడు. గొంగడి కుమ్మరపల్లె నుంచి ఏటా కుండలు తెచ్చిచ్చే మనిషికి. గుడిసే, దిబ్బా పాలేనికి, వలలు ఆరేసుకోవడానికి. రెండు మేకలు మాలకొండయ్యకి, పోయిన నాట్ల కింద. రాగిచెంబు ఎవరికీ కాదు, చెలమ దగ్గర తాడేసి కట్టమన్నాడు. పార పోలమ్మకి.

మాలకొండయ్యే అడిగాడు, మరి అయ్యోరికో అని.

"వాడికేం లేదు" అన్నాడు తాత.

ఎనిమిదేళ్ళ చాకిరీ ఇసుకలో పోసినట్టయిందని జనం చెప్పుకున్నారు. నోటుపుస్తకం గుడిసె చూరులోనే ఉండిపోయింది. దానికోసం ఎవరూ రాలేదు.

తాతని మట్టి చేసిన మర్నాడు పొద్దున పోలమ్మ పార భుజాన వేసుకుని కట్ట దగ్గరికి వచ్చేసరికి, తిరువెంగళం అప్పటికే వంగి ఉన్నాడు.

"నిజంగా నీకేం ఇవ్వలేదా అయ్యోరా?" అంది ఆమె.

ఆయన నోట్లో నీళ్ళున్నాయి. లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. కాసేపాగి ఊసేసి, మీసం తుడుచుకున్నాడు.

"నిన్నటి మీద ఉప్పు కాస్త తగ్గింది" అన్నాడు.

పోలమ్మ పార ఇసుకలో గుచ్చి, వంగి, దోసిట్లో తీసుకుంది.

"తగ్గింది" అంది.